ఇటలీ పాత పట్టణంలో, ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్‌లో బస చేయడం ఎలా

బెంగళూరు నుంచి ఇటలీకి వెళ్లే మన తెలుగు కుటుంబాలలో చాలామంది రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ నగరాలకు రెండేసి మూడేసి రోజులు పంచి, రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఉన్న పెద్ద హోటళ్లలో దిగి, చూడవలసినవి చూసి తిరిగి వస్తుంటారు. ఆ పర్యటనలోంచే మూడు నాలుగు రాత్రులు విడదీసి, ఓర్వియేతో, లుక్కా, సియెనా, అస్సీసీ వంటి ఒక్క పాత పట్టణంలో, ఒక కుటుంబం తానే నడుపుకునే పది పదిహేను గదుల హోటల్‌లో గడపండని నేను గట్టిగా చెబుతాను. ఈ పట్టణాలకు పగటిపూట బస్సుల్లో వచ్చే యాత్రికులలో ఎక్కువమంది సాయంత్రానికి వెళ్లిపోతారు. ఆ తరువాత వీధుల్లో నెమ్మదిగా నడిచేవారు, చర్చి మెట్ల మీద కూర్చునేవారు, దుకాణం మూస్తూ పక్కవారితో మాట్లాడేవారు చాలావరకు ఆ ఊరివారే. ఆ వేళ ఆ ఊరిని చూడాలంటే రాత్రికి అక్కడే ఉండాలి.

అయితే ఇటువంటి హోటల్ పద్ధతులు మనకు అలవాటైన హోటళ్ల పద్ధతుల వంటివి కావు. అక్కడ తల్లి ఉదయం ఫలహారం సిద్ధం చేస్తుంది, కూతురు ఉత్తరాలకు జవాబులు రాస్తుంది, తండ్రి తాళాలూ లెక్కలూ చూసుకుంటాడు. రాత్రి పొద్దుపోయాక కౌంటర్ దగ్గర ఎవరూ ఉండకపోవచ్చు. పెద్ద హోటల్‌లో అక్కడికక్కడే తేలిపోయే విషయాలను ఇక్కడ ముందుగానే, రాతపూర్వకంగా తేల్చుకోవాలి. వెళ్లిన తరువాత ఆ ఇంటి వేళలకు తగినట్టు మసలుకోవాలి. మరతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటూ, ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకుని, పిల్లలతో సహా మూడు తరాలు కలిసి బయలుదేరే కుటుంబాలను దృష్టిలో ఉంచుకుని ఈ వివరాలు రాస్తున్నాను. చెన్నై నుంచి వెళ్లేవారికీ ఇవే వర్తిస్తాయి.

పట్టణం, తేదీలు, ఇల్లు

మొదటిసారి వెళ్లేవారికి ఓర్వియేతో అనుకూలమైన పట్టణం. రోమ్ నుంచి రైలులో గంటా పావు ప్రాంతంలో చేరుకోవచ్చు. అగ్నిపర్వత శిలతో ఏర్పడిన నిటారైన కొండ మీద ఊరు ఉంటే, స్టేషన్ కొండ కింద ఉంటుంది. స్టేషన్ ఎదుటి నుంచే ఫ్యూనిక్యులర్ అనే, తాడుతో పట్టాల మీద లాగే బండి పైకి తీసుకువెళుతుంది. 1888లో దీనిని నీటి బరువుతో నడిచేలా ప్రారంభించారు. ఇప్పుడు విద్యుత్తుతో నడుస్తోంది. పైన 1290లో నిర్మాణం మొదలైన కేథడ్రల్, అందులో 1499లో మొదలుపెట్టి 1504 వరకు లూకా సిన్యోరెల్లి పూర్తి చేసిన కుడ్యచిత్రాలు ఉన్నాయి. 1527లో శత్రు సైన్యాలు రోమ్‌ను దోచుకున్నప్పుడు పోప్ ఏడవ క్లెమెంట్ ఈ కొండ మీదనే తలదాచుకుని, ముట్టడి వచ్చినా నీటికి కరువు ఉండకూడదని ఒక బావి తవ్వించాడు. దాదాపు 53 మీటర్ల లోతున్న ఆ బావిలో, నీళ్లు మోసే కంచరగాడిదలు దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఎదురుపడకుండా, ఒకదానితో ఒకటి కలవని రెండు మెట్ల వరసలను చుట్టూ తిప్పి కట్టారు; ఒక్కొక్క వరసలో 248 మెట్లు ఉన్నాయి. ఇవన్నీ తొందర లేకుండా చూడడానికి రెండు పూర్తి రోజులు పడతాయి.

ఇంట్లో పెద్దవారికి మోకాళ్ల నొప్పులు ఉంటే మాత్రం ఓర్వియేతో, సియెనా, అస్సీసీ వంటి కొండ పట్టణాలకంటే లుక్కా మేలు. అది చదునైన ఊరు. నాలుగు కిలోమీటర్లకు పైగా చుట్టుకొలత ఉన్న కోటగోడ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది, గోడ పైభాగం చెట్ల నీడలో నడిచేందుకు వీలుగా విశాలంగా ఉంటుంది, రైల్వే స్టేషన్ గోడకు దగ్గరలోనే ఉంటుంది. అస్సీసీకి రైలులో వెళ్లేవారు స్టేషన్ అసలు ఊరిలో కాక, కొన్ని కిలోమీటర్ల దిగువన సాంతా మరియా దెల్యి ఆంజెలి అనే చోట ఉంటుందనీ, అక్కడి నుంచి బస్సు ఎక్కాలనీ తెలుసుకోవాలి.

తేదీలు నిర్ణయించే ముందు ఆ ఊరి పండుగలు చూసుకోవడం అవసరం. సియెనాలో జూలై 2న, ఆగస్టు 16న పాలియో గుర్రప్పందెం జరుగుతుంది. ఆ రోజుల్లో గదులు చాలా ముందుగా నిండిపోతాయి. ఓర్వియేతోలో ఈస్టర్ తరువాత రెండు నెలలకు వచ్చే కోర్పుస్ దోమినీ పండుగకు పెద్ద ఊరేగింపు ఉంటుంది. ఆ పండుగను క్రైస్తవ లోకమంతటికీ నిర్దేశించే ఆజ్ఞను పోప్ నాలుగవ అర్బన్ 1264లో ఈ ఊరి నుంచే ఇచ్చాడు. అస్సీసీలో అక్టోబర్ 4న సెయింట్ ఫ్రాన్సిస్ పండుగ. ఇటువంటి ఉత్సవాన్ని చూడాలనే వెళితే మంచిదే. తెలియక ఆ తేదీలలో వెళితే రద్దీ, ధర రెండూ ఇబ్బంది పెడతాయి. ఆగస్టు 15 చుట్టూ ఇటలీ అంతటా సెలవుల కాలం కాబట్టి కుటుంబాలు నడిపే తినుబండారాల దుకాణాలు చాలా మూసి ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొన్ని చిన్న హోటళ్లను కూడా మూసివేస్తారు. బెంగళూరు బడుల వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో రావడం ఈ విషయంలో మన అదృష్టం. అక్కడ అది వసంతకాలం.

హోటల్‌ను ఎంచుకునేటప్పుడు నక్షత్రాల సంఖ్యకు ఎక్కువ విలువ ఇవ్వనక్కరలేదు. అవి లిఫ్ట్, రాత్రి సిబ్బంది, సౌకర్యాల జాబితా వంటి వాటిని బట్టి ఇచ్చేవి కాబట్టి రెండు, మూడు నక్షత్రాల ఇళ్లలోనే మనం కోరే ఆదరణ దొరుకుతుంది. దానికంటే ముఖ్యంగా చూడవలసింది గుర్తింపు సంఖ్య. 2025 జనవరి నుంచి ఇటలీలో యాత్రికులకు బస ఇచ్చే ప్రతి స్థలానికీ, హోటల్ అయినా అద్దె గది అయినా, ఐటీ అనే రెండు అక్షరాలతో మొదలయ్యే జాతీయ గుర్తింపు కోడ్ ఉండాలి. దానిని భవనం బయటా, ఆన్‌లైన్ ప్రకటనలోనూ చూపాలి. ఆ కోడ్ కనిపించని ప్రకటనను, గది ఎంత అందంగా ఉన్నా, వదిలివేయాలి.

ముందుగా రాయవలసిన ఉత్తరం

ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే విలువైన పని హోటల్‌కు నేరుగా ఒక ఈమెయిల్ రాయడం. గదులను పోల్చి చూడడానికి బుకింగ్ సైట్లు ఉపయోగపడతాయి, కాదనను. కానీ హోటల్ తన సొంత సైట్‌లో తక్కువ ధర ఇవ్వకూడదని బుకింగ్ సైట్లు పెట్టే షరతు 2017 నాటి చట్టం ప్రకారం ఇటలీలో చెల్లదు. కాబట్టి నేరుగా అడిగితే ధర తగ్గించడానికో, అదే ధరకు మంచి గది ఇవ్వడానికో వారికి స్వేచ్ఛ ఉంటుంది. అంతకుమించి, ఉత్తరం రాసిన కుటుంబం ఎవరో, వారికి ఏమి కావాలో ఆ ఇంటివారికి మీరు చేరకముందే తెలుస్తుంది.

ఉత్తరం సరళమైన ఇంగ్లీషులో, చిన్న వాక్యాలలో రాస్తే చాలు; మొదటి మాటగా బ్వోన్‌జోర్నో అని పెట్టడం మర్యాద. ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరి వయసు ఎంతో స్పష్టంగా చెప్పాలి. ఇద్దరికి గది తీసుకుని పిల్లలను కింద పరుపు మీద పడుకోబెట్టుకునే అలవాటు మనకు ఉంది. ఇటలీలో ఆ మాట ఎత్తకూడదు. ఒక గదిలో ఎందరు ఉండవచ్చో హోటల్‌కు ఇచ్చిన అనుమతిలోనే నిర్ణయమై ఉంటుంది, ప్రతి అతిథి పేరూ పోలీసులకు చేరుతుంది, లెక్కకు మించి ఒక్క మనిషి ఉన్నా ఇబ్బంది హోటల్ యజమానికే. ముగ్గురి గది, నలుగురి గది ఉన్నాయేమో, లేదా పక్కపక్కన రెండు గదులు ఇవ్వగలరేమో అడగాలి. మాత్రిమొనియాలే అంటే దంపతుల పెద్ద మంచం ఉన్న గది. విడివిడి మంచాలు కావలసినవారు ఆ సంగతి వేరుగా రాయాలి. చాలా ఇళ్లలో పెద్ద మంచమనేది రెండు చిన్న మంచాలను కలిపి వేసినదే కాబట్టి, అడిగితే సులభంగా విడదీసి ఇస్తారు.

లిఫ్ట్ గురించి అడిగే ప్రశ్న ఒక్క మాటతో ముగియకూడదు. పాత పట్టణాల భవనాలలో చాలావాటికి వారసత్వ రక్షణ ఉంటుంది, గోడలు పగలగొట్టి లిఫ్ట్ పెట్టడానికి అనుమతి దొరకడం కష్టం. లిఫ్ట్ ఉన్నచోట కూడా అది ఇద్దరు మనుషులు పట్టేంత చిన్నదై ఉండవచ్చు, లేదా వీధి గుమ్మం నుంచి లిఫ్ట్ దాకా ఒక మెట్ల వరస ఉండవచ్చు. అందువల్ల వీధి నుంచి మా గది తలుపు వరకు మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలి అని అడగాలి. అమ్మానాన్నలకు మొదటి అంతస్తు గది కావాలని కోరితే, వీలైనంతవరకు ఆ ఇంటివారు చూసి ఇస్తారు. అక్కడి మొదటి అంతస్తు మన దేశంలో వలెనే నేల అంతస్తు మీదిది. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్లేవారు ఏసీ గది లోపలే ఉందా, దానికి వేరుగా డబ్బు కట్టాలా అన్నది కూడా రాసి తెలుసుకోవాలి.

మీరు చేరే వేళ తప్పకుండా తెలపాలి. బెంగళూరులో అర్ధరాత్రి దాటాక విమానం ఎక్కి, దుబాయ్, దోహా లేదా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా మధ్యాహ్నానికి రోమ్‌లో దిగితే, ఇమిగ్రేషన్ ముగించుకుని, విమానాశ్రయం నుంచి లియోనార్దో ఎక్స్‌ప్రెస్ రైలులో 32 నిమిషాలకు రోమ్ ప్రధాన స్టేషన్ అయిన తెర్మినీ చేరి, అక్కడి నుంచి మరో రైలు పట్టుకుని ఓర్వియేతో వెళ్లేసరికి రాత్రవుతుంది. కౌంటర్ ఎన్ని గంటలకు మూస్తారు, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి, తాళం ఎలా అందుతుంది అనే మూడు విషయాలకు జవాబు మీ దగ్గర ఉండాలి. ప్రయాణంలో అలసిపోయే పెద్దవారు, చంటిపిల్లలు ఉంటే మొదటి రాత్రి రోమ్‌లోనే ఉండి, మర్నాడు పగటి వెలుతురులో చిన్న ఊరికి వెళ్లడం నా దృష్టిలో ఉత్తమం.

ఉత్తరానికి రెండు మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. ఫలహారాల హడావుడి ముగిసిన తరువాత, అక్కడి పది, పన్నెండు గంటల మధ్య వారికి తీరిక ఉంటుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం వరకు మన గడియారం వారికంటే మూడున్నర గంటలు, మిగతా కాలంలో నాలుగున్నర గంటలు ముందు ఉంటుంది. ఇటలీ ల్యాండ్‌లైన్ నంబర్లకు దేశపు కోడ్ 39 తరువాత వచ్చే సున్నాను తీసివేయకూడదు.

డబ్బు సంగతి ఒక్కటి జాగ్రత్తగా చూసుకోవాలి. ముందస్తుగా కొంత సొమ్ము పంపమని కొందరు కోరతారు. ఆ సొమ్మును కపార్రా కొన్‌ఫిర్మాతోరియా అని రాసి తీసుకుంటే, ఇటలీ సివిల్ కోడ్ 1385వ అధికరణ ప్రకారం, మనం మాట తప్పినప్పుడు అది వారికి మిగిలిపోతుంది. వారు మాట తప్పినప్పుడు రెట్టింపు తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. కాబట్టి వీసా చేతికి రాకముందు ఇటువంటి సొమ్ము పంపకూడదు. ఏ తేదీ వరకు ఉచితంగా రద్దు చేసుకోవచ్చో రాయించుకుని, వీసా వచ్చాకే కట్టాలి. మీ బుకింగ్ రద్దవుతోంది, కార్డు వివరాలు మళ్లీ ఇవ్వండి అంటూ లింకుతో వచ్చే సందేశాలను నమ్మకుండా, హోటల్‌కే ఫోన్ చేసి అడగాలి. బుకింగ్ సైట్ లోపలి నుంచే వచ్చినట్టు కనిపించే సందేశాలతో కూడా ఈ మోసం జరుగుతోంది.

వీసా కాగితాలు, పెట్టెలో పెట్టుకోవలసినవి

ఇటలీకి కావలసిన షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి ఆ కనీస గడువును నమ్ముకోకూడదు. ఇటలీ దరఖాస్తులను మన దగ్గర వీఎఫ్ఎస్ గ్లోబల్ కేంద్రాలు తీసుకుంటాయి. ఏ కేంద్రంలో ఇవ్వాలన్నది నివాసాన్ని బట్టి ఉంటుంది కనుక, ఊళ్లో ఉండే అమ్మానాన్నల విషయం విడిగా చూసుకోవాలి. 2024 జూన్ నుంచి పెద్దవారికి వీసా రుసుము 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. కేంద్రం తీసుకునే సేవా రుసుము దీనికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. చిన్న హోటల్ ఇచ్చే బుకింగ్ కాగితం మీద ఒక్కరి పేరే ఉండడం తరచుగా జరుగుతుంది. అందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, తేదీలు, చిరునామా, ఫోన్ నంబర్‌తో ఒక నిర్ధారణ పత్రం పంపమని అడిగి తీసుకోవాలి.

సామాను గురించి ఒకే ఒక్క గట్టి సలహా ఇస్తాను: ఒక్కొక్కరు తామే ఎత్తగలిగిన పెట్టెనే తీసుకువెళ్లాలి. రాళ్లు పరిచిన వీధుల్లో పెద్ద సూట్‌కేసుల చక్రాలు తిరగవు, మెట్లున్న చోట అసలే పనికిరావు.

తిండి పదార్థాలలో ఏవి తీసుకువెళ్లవచ్చో తెలుసుకోవడం మనవారికి చాలా అవసరం. ఐరోపా సమాఖ్య వెలుపలి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తీసుకురాకూడదు. అంటే నెయ్యి, పనీర్, పాలపొడి, కోడి పచ్చడి, వేటమాంసం పచ్చడి ఇంట్లోనే వదిలి వెళ్లాలి. చంటిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. తాజా ఆకులకూ కూరలకూ ధ్రువపత్రం కావాలి కనుక పచ్చి కరివేపాకు పెట్టుకోకూడదు. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి వంటివి గట్టి మూత ఉన్న చిన్న సీసాలలో పెట్టి, చెకిన్ పెట్టెలో ప్లాస్టిక్ సంచుల మధ్య ఉంచితే ఇబ్బంది ఉండదు.

రైస్ కుక్కర్‌ను మాత్రం తీసుకువెళ్లవద్దు. చిన్న హోటళ్ల గదుల్లో వంట చేయనివ్వరు. పాత ఇళ్లలో చెక్క దూలాలు, పాత వైరింగు ఉంటాయి, ఆవిరికి పొగ సూచికలు మోగుతాయి. పెద్దవారికి ఉప్మా, అటుకుల వంటి తక్షణ పొట్లాలకు వేడినీళ్లు కావాలంటే ఫలహారపు గదిలో అడిగితే సంతోషంగా కాచి ఇస్తారు. రోజూ వంట చేసుకోక తప్పని కుటుంబాలు వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకోవడమే న్యాయం.

చేరిన రోజు

తలుపు దాటగానే పగలైతే బ్వోన్‌జోర్నో, సాయంత్రమైతే బ్వొనసేరా అని పలకరించి, తరువాతే పని మాట మొదలుపెట్టాలి. ఇంటి పెద్దావిడను సిన్యోరా అని పిలవడం గౌరవం. పలకరింపు లేకుండా నేరుగా గది అడగడం అక్కడ మొరటుతనంగా కనిపిస్తుంది. ఆ ఒక్క మాటతో వారి ముఖాలు విచ్చుకుంటాయి.

వెంటనే అందరి పాస్‌పోర్టులూ అడుగుతారు, పిల్లలవి కూడా. 1931 నాటి ప్రజా భద్రతా చట్టం ప్రకారం అతిథుల వివరాలను 24 గంటల్లోగా, ఒక్క రాత్రి మాత్రమే ఉండేవారివైతే ఇంకా త్వరగా, పోలీసు శాఖకు పంపడం హోటల్ బాధ్యత. కాబట్టి అనుమానపడకుండా ఇచ్చి, వివరాలు రాసుకోగానే తిరిగి తీసుకోవాలి. ఊళ్లో పరిచయమైనవారినో, పక్క నగరంలో చదువుకుంటున్న బంధువుల అబ్బాయినో చెప్పకుండా గదికి తీసుకురాకూడదు. యజమానికి చెబితే కింద హాలులో కూర్చోబెట్టి కాఫీ కూడా ఇస్తారు.

గది అద్దెతో పాటు బస పన్ను ఉంటుంది. అది ఊరిని బట్టి, హోటల్ తరగతిని బట్టి, మనిషికి రాత్రికి ఇంత అని ఉంటుంది. నిర్ణీత వయసు లోపు పిల్లలకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది. ఆన్‌లైన్ ధరలో ఇది సాధారణంగా కలిసి ఉండదు, చాలాచోట్ల నగదుగా అడుగుతారు. ఇది యజమాని సొంతానికి తీసుకునేది కాదు, పురపాలక సంఘానికి కట్టేది. ఇటలీలో వ్యాపారులు కార్డు తీసుకోవాలన్న నియమం ఉన్నా, దీనికోసం కొన్ని యూరోల నోట్లు దగ్గర ఉంచుకోవాలి.

అద్దె కారులో వెళ్లేవారికి పాత పట్టణాలలో అసలు ప్రమాదం జెడ్‌టీఎల్ అని బోర్డులుండే నిషేధిత వాహన మండలం. దాని సరిహద్దులో కెమెరాలు ఉంటాయి. అనుమతి లేకుండా దాటిన ప్రతిసారీ ఒక జరిమానా పడుతుంది, నోటీసు నెలల తరువాత బెంగళూరు చిరునామాకు వస్తుంది, అద్దె కంపెనీ తన రుసుము కూడా కలుపుతుంది. హోటల్ ఆ మండలం లోపల ఉంటే, కారు నంబర్‌ను నమోదు చేయించగలరా, సామాను దింపాక బండి ఎక్కడ నిలపాలి అని ముందే అడగాలి. ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా వెంట ఉండాలి. ఒక్క పట్టణంలోనే ఉండేవారికి కారు అవసరం లేదని నా అభిప్రాయం. ఓర్వియేతో, లుక్కాలకు రైలే హాయి.

కొన్ని హోటళ్లలో ఇంకా బరువైన ఇత్తడి బిళ్ల ఉన్న తాళంచెవి ఇస్తారు. బయటికి వెళ్లేటప్పుడు దానిని కౌంటర్‌లో ఇచ్చి వెళ్లాలి. రాత్రి తలుపు మూసే వేళ ఉంటే, వీధి తలుపుకు వేరే తాళంచెవి అడిగి తీసుకోవాలి.

గదిలో, ఫలహారం దగ్గర

స్నానాల గదిలో కమోడ్ పక్కన తక్కువ ఎత్తులో మరో తొట్టి ఉంటుంది. అది బిడే, నీళ్లతో శుభ్రం చేసుకోవడానికి పెట్టినదే. ఇళ్లలో కనీసం ఒక స్నానాల గదిలో ఇది ఉండాలని 1975లో ప్రభుత్వమే ఆదేశం ఇచ్చింది. కాగితంతో సరిపెట్టుకోలేని మనవారికి ఐరోపాలో ఇంత అనువైన దేశం మరొకటి ఉండదు. షవర్ దగ్గర వేలాడే తాడు అత్యవసర గంటకు సంబంధించినది. దీపమనుకుని లాగితే ఇంటివారు పరుగెత్తి వస్తారు, కాబట్టి పిల్లలకు ముందే చెప్పాలి.

విద్యుత్తు మన దేశంలో వలెనే 230 వోల్టులు. సాకెట్‌లో మూడు రంధ్రాలు ఒకే వరసలో ఉంటాయి; ఫోన్ ఛార్జర్ల సన్నని రెండు పిన్నులు సాధారణంగా పడతాయి, మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ కావాలి. వేసవిలో పగలు కిటికీల చెక్క రెక్కలు మూసి, రాత్రి తెరిస్తే మందపాటి రాతిగోడల గది చల్లగా ఉంటుంది. ఉదయం పూజ చేసుకునేవారు అగరుబత్తి, దీపం వెలిగించకుండా, పూలతో, మనసులో శ్లోకంతో సరిపెట్టుకోవాలి. చెక్క నేలల మీద అడుగుల చప్పుడు కింది గదికి వినిపిస్తుంది. రాత్రి పదిన్నర తరువాత వీడియో కాల్‌లో ఊళ్లోవారితో గట్టిగా మాట్లాడడం పక్క గదులవారి నిద్ర చెడగొడుతుంది. వీధివైపు కిటికీలో బట్టలు ఆరవేసే ముందు ఇంటివారిని అడగాలి.

ఫలహారం తీపిగా ఉంటుంది: కొర్నెత్తో అనే పొరల రొట్టె, జామ్, కరకరలాడే రస్కులు, పెరుగు, పండ్లు. ఇడ్లీ, దోశలకు అలవాటైన పెద్దవారికి మొదటి రోజు ఇది తిండిలా అనిపించదు. కందిపొడి వంటిది కాస్త పక్కన ఉంటే, నూనె రాసిన రొట్టెతో వారి కడుపు నిండుతుంది. ఆ ప్రాంతపు ఆలివ్ నూనె కందిపొడికి చక్కగా కుదురుతుంది, ఇంటివారికి కూడా రుచి చూపించండి. కాఫీ అని అడిగితే చిన్న కప్పులో చిక్కని ఎస్ప్రెస్సో వస్తుంది; పాలతో కావలసినవారు కపుచ్చీనో అడగాలి.

శాకాహారులు ఉత్తరంలోనే సంగతి రాసి, అక్కడ మాటలో కూడా చెప్పాలి: మగవారైతే సోనో వెజెతారియానో, ఆడవారైతే సోనో వెజెతారియానా. అంతటితో ఆగకుండా మాంసం, చేప, గుడ్డు వద్దని విడివిడిగా చెప్పడం అవసరం. కూరగాయల సూపును మాంసపు రసంతో కాచడం, కొన్ని రొట్టెలలో పంది కొవ్వు కలపడం అక్కడ మామూలే. పార్మిజానో రెజ్జానో చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసే పదార్థంతో పాలు విరుస్తారు. నిష్ఠగా ఉండేవారు దానిని వద్దనాలి. ఎండుమిర్చి, వెల్లుల్లి, టమాటాతో చేసే అర్రాబ్బియాతా పాస్తా, శనగల సూపు, లుక్కా, సియెనా ఉన్న టస్కనీ ప్రాంతంలో టమాటా, వెల్లుల్లి సాస్‌తో వచ్చే పీచి పాస్తా మన నాలుకకు దగ్గరగా ఉంటాయి. టస్కనీలోనూ, ఓర్వియేతో, అస్సీసీ ఉన్న ఉంబ్రియా ప్రాంతంలోనూ రొట్టెలో సంప్రదాయంగా ఉప్పు వేయరు. రాత్రి భోజనం ఏడున్నర కంటే ముందు దొరకదు, మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటశాల మూసేస్తారు. పిల్లలకు, మందులు వేసుకునే పెద్దవారికి మధ్యలో ఏదైనా దగ్గర ఉంచుకోవాలి. ఎక్కడ తినాలో హోటల్ ఆవిడనే అడగండి. ఆమె ఫోన్ చేసి, శాకాహారులు వస్తున్నారని చెప్పి బల్ల పెట్టించిందంటే, ఆ పూట వంట మీకోసం జరుగుతుంది. ఏ రేటింగూ ఆ పని చేయలేదు.

బయలుదేరే ముందు

బిల్లును ముందురోజు సాయంత్రమే చూసుకుని కట్టివేయడం మంచిది. తెల్లవారుజామున కౌంటర్‌లో ఎవరూ ఉండకపోవచ్చు. బస పన్ను విడిగా చూపిన రసీదు తీసుకోవాలి. ఉదయం ఫలహారం కంటే ముందే రైలు ఉంటే రాత్రే చెప్పాలి, పొట్లం కట్టి ఉంచుతారు. సాయంత్రం రైలైతే గది ఖాళీ చేశాక కూడా సామాను దాచిపెడతారు. టిప్పు ఇవ్వాలన్న నియమం లేదు. మైసూర్ శాండల్ సబ్బు వంటి చిన్న వస్తువేదైనా ఇస్తే చాలా సంతోషిస్తారు.

ఇటలీలో రైల్వే సమ్మెలు ముందుగా ప్రకటించి జరుగుతాయి. పనిరోజుల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు ప్రాంతీయ రైళ్లలో కొన్నిటిని తప్పనిసరిగా నడుపుతారు. ఆ వారంలో సమ్మె ఏమైనా ఉందేమో ఇంటివారికి తెలిసి ఉంటుంది, అడగాలి. ప్రాంతీయ రైలు కాగితపు టికెట్‌ను ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా పడుతుంది. బెంగళూరు విమానం మధ్యాహ్నానికి ముందు ఉంటే చివరి రాత్రిని చిన్న ఊరిలో కాక రోమ్‌లో, తెర్మినీ స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో పెట్టుకోవాలి.